దుక్కిలో ఒక గాలి, రోడ్డు మీద ఒక గాలి
ట్రాక్టరు టైర్ల సంగతి చిన్న రైతుకూ తెలియాలి

కిరాయి ట్రాక్టరు మన చేలోకి రాగానే ముందుగా దేన్ని చూస్తాం? నాగలి చూస్తాం. గొర్రు కర్రులు అరిగాయేమో చూస్తాం. గంటకు ఎంత, ఎకరానికి ఎంత అని బేరం ఆడతాం. టైర్ల వంక చూసేవారు మాత్రం తక్కువ. పెద్ద టైరు కదా, గట్టిగా ఉంటే చాలనుకుంటాం.

నిన్నటిదాకా అదే ట్రాక్టరు ట్రక్కు తగిలించుకుని ఇటుకలో, ఇసుకో, వడ్లో తోలి ఉంటుంది. ఆ బరువుకు సరిపడా గాలి పట్టించి ఉంటారు. తెల్లారి ట్రక్కు విప్పేసి, నాగలి తగిలించి, అదే గాలితో మన చేలో దిగుతుంది. టైరు రాయిలా ఉంటుంది. చక్రం గిర్రున తిరుగుతుంది గాని బండి అంత ముందుకు సాగదు. గంటలు పెరుగుతాయి, కిరాయి పెరుగుతుంది. టైరు తొక్కిన చోట నేల బిగిసిపోతుంది. కిరాయి డబ్బు ఒక్కసారి పోయేదే. బిగిసిన నేల మాత్రం పైరు కోతకు వచ్చేదాకా బాధ పెడుతుంది.

ట్రాక్టరు మనది కాకపోవచ్చు, నేల మనదే. కాబట్టి టైరులో గాలి ఎంత ఉండాలో ట్రాక్టరు ఉన్నవారితో పాటు, కిరాయికి తెచ్చుకునే రైతు కూడా తెలుసుకోవడం మంచిది.

ఇనుప చక్రం పోయి గాలి టైరు వచ్చింది

తొలినాళ్ళలో ట్రాక్టర్లకు ఇనుప చక్రాలే ఉండేవి. 1932లో అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీ గాలి టైర్లతో ట్రాక్టరును ముందుకు తెచ్చింది. మొదట విమానాలకు వాడే టైర్లు బిగించి, తక్కువ గాలితో పొలంలో నడిపి చూశారు. రబ్బరు చక్రం మట్టిలో పనిచేస్తుందా అన్న అనుమానం అక్కడి రైతులకూ వచ్చింది. ఆ అనుమానం తీర్చడానికి కంపెనీ ట్రాక్టర్లతో పందేలు పెట్టించింది. కార్ల పందేల్లో పేరు మోసిన బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ 1933లో గాలి టైర్ల ట్రాక్టరును గంటకు 64 మైళ్ళ పైచిలుకు వేగంతో తోలి చూపించాడు. అంటే సుమారు 103 కిలోమీటర్లు.

పందెం చూసి జనం ముచ్చటపడ్డారు. రైతుకు పనికొచ్చిన సంగతి వేరే ఉంది. గాలి టైరు మెత్తగా నేలకు అతుక్కుంటుంది, ఎక్కువ మేర పరుచుకుంటుంది, పట్టు దొరుకుతుంది. ఇనుప చక్రం కంటే తక్కువ ఇంధనంతో ఎక్కువ పని అవుతుంది. ఈ మేలంతా టైరులో సరైన గాలి ఉన్నప్పుడే. గాలి మరీ బిగిస్తే రబ్బరు టైరు మళ్ళీ ఇనుప చక్రం లాగే పనిచేస్తుంది.

గాలి లెక్క ఎలా పనిచేస్తుంది?

పంక్చరు షాపులో "ముప్పై పాయింట్లు కొట్టు" అంటాం. ఆ పాయింటు అంటే చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి. ట్రాక్టరుతో ఇచ్చే పుస్తకాల్లో కొన్నిటిలో చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలు అని రాస్తారు. ఒక కిలో అంటే సుమారు 14 పాయింట్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే రెండు రకాల మీటర్లూ చదవవచ్చు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. వెనక టైరు ఒక్కోదాని మీద 600 కిలోల బరువు పడుతోందనుకోండి. టైరులో గాలి 14 పాయింట్లు, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఉంటే, ఆ బరువు మోయడానికి టైరు సుమారు 600 చదరపు సెంటీమీటర్ల మేర నేలను ఆనుకోవాలి. గాలి 28 పాయింట్లకు పెంచితే 300 చదరపు సెంటీమీటర్లు ఆనుకుంటే చాలు. బరువు అదే, ఆనే చోటు సగమైంది. అంటే నేల మీద ఒత్తిడి రెట్టింపయింది. టైరు మందం, గళ్ళు, నేల మెత్తదనం వల్ల లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గాని అసలు సూత్రం ఇదే.

చెప్పుకు మడమ సన్నగా ఉంటే తడి నేలలో దిగబడుతుంది. అడుగు వెడల్పుగా ఉన్న చెప్పు దిగబడదు. టైరు సంగతీ అంతే.

సుమారుగా ఎంత ఉండాలి?

మన దగ్గర ఎక్కువగా తిరిగే రెండు చక్రాల లాగుడు ట్రాక్టర్లకు సాధారణంగా పాటించే లెక్కలు ఇవి:

వెనక పెద్ద టైర్లు: 0.8 నుంచి 1.5 కిలోలు, అంటే సుమారు 11 నుంచి 21 పాయింట్లు.
ముందు చిన్న టైర్లు: 1.5 నుంచి 2.5 కిలోలు, అంటే సుమారు 21 నుంచి 36 పాయింట్లు.

పొలంలో దున్నేటప్పుడు వెనక టైర్లలో ఈ లెక్కకు కింది వైపున, 12 నుంచి 14 పాయింట్ల దాకా ఉంచుతారు. ట్రక్కు తగిలించి రోడ్డు మీద బరువు తోలేటప్పుడు పై వైపుకు పెంచుతారు.

ఇవి అందరికీ ఒకేలా వర్తించే అంకెలు కావు. టైరు సైజు, దాని పొరల బలం, ట్రాక్టరు బరువు, తగిలించే పనిముట్టును బట్టి మారతాయి. ట్రాక్టరు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో పొలానికి ఎంత, రోడ్డుకు ఎంత అని వేరువేరుగా ఉంటుంది. ఆ అంకెలదే తుది మాట. పుస్తకం పోయి ఉంటే ట్రాక్టరు షోరూములో అడగండి. అడిగేటప్పుడు టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు రాసుకుని వెళ్ళండి. ఉదాహరణకు 13.6-28 అని ఉంటే టైరు వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు అని అర్థం.

ట్రక్కు టైర్ల లెక్క పూర్తిగా వేరు. అవి లారీ తరహా టైర్లు, చాలా ఎక్కువ గాలి పడుతుంది. వాటి పక్కన ఎంత బరువుకు ఎంత గాలి అన్నది రాసి ఉంటుంది. ఇంజను టైరుకు, ట్రక్కు టైరుకు ఒకే గాలి కొట్టించడం పొరపాటు.

గాలి ఎక్కువైతే నష్టం

టైరు ఉబ్బి మధ్య భాగమే నేలకు ఆనుతుంది. పక్క గళ్ళు నేలను పట్టవు. పట్టు తప్పి చక్రం జారుతుంది. జారే చక్రం డీజిలు తాగుతుంది, గళ్ళు త్వరగా అరుగుతాయి. బిగువుగా ఉన్న టైరుకు రాయి తగిలితే కోత పడుతుంది. గట్టి నేల మీద ట్రాక్టరు ఎగిరెగిరి పడుతుంది, తోలేవారి నడుము పట్టేస్తుంది.

గాలి తక్కువైతే నష్టం

మెత్తగా ఉంటే మంచిదన్నారు కదా అని మరీ దించేయకూడదు. టైరు పక్కలు మడతలు పడి లోపలి పొరలు తెగుతాయి. రోడ్డు మీద బరువుతో పోతే టైరు వేడెక్కి పాడవుతుంది. ఇంకొక ప్రమాదం ఉంది. బలంగా లాగేటప్పుడు రిమ్ము తిరుగుతుంది గాని, దాని మీది టైరు వెనకబడుతుంది. టైరుతో పాటు ట్యూబు కూడా జరిగి, వాల్వు దగ్గర చిరుగుతుంది. వాల్వు నిటారుగా లేకుండా ఓ పక్కకు ఒరిగి కనిపిస్తే ఇలా జరుగుతోందని గుర్తు. వెంటనే ఆపి చూపించుకోవాలి.

అరుగుదలను చూసి కూడా కొంత చెప్పవచ్చు. ముందు టైరు మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే అది గాలి తప్పు కాదు, ముందు చక్రాల పొందిక సరిచేయించాలి.

జారుడు ఎంతో మీరే కొలవండి

చక్రం ఎంత జారుతోందో తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. సున్నం ముక్క, నాలుగు పుల్లలు, ఒక తాడు చాలు.

వెనక టైరు మీద సున్నంతో ఒక గీత గీయండి. చేలోనే నాగలి పైకి ఎత్తి ట్రాక్టరును నడపమనండి. గీత కిందికి వచ్చిన చోట ఒక పుల్ల, చక్రం పది చుట్లు తిరిగాక ఇంకో పుల్ల పాతండి. మధ్య దూరం కొలవండి. 40 మీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు నాగలి దించి దున్నుతూ అలాగే పది చుట్లు కొలవండి. ఈసారి 34 మీటర్లు వస్తే 6 మీటర్లు జారుడులో పోయింది. అంటే నూటికి 15 వంతులు.

పొలంలో నూటికి 10 నుంచి 15 వంతుల జారుడు మామూలే. అసలు జారకపోతే ట్రాక్టరు మీద అనవసరపు బరువు ఉన్నట్టు. అంతకు మించి జారితే మాత్రం డబ్బు మట్టిలో పోతోందన్నమాట.

పది చుట్లకు 28 మీటర్లే వచ్చిందనుకోండి. జారుడు నూటికి 30 వంతులు. 15 వంతుల జారుడుతో గంటలో అయ్యే పని, 30 వంతుల జారుడుతో దాదాపు 73 నిమిషాలు పడుతుంది. కిరాయి గంటకు వెయ్యి రూపాయలనుకుంటే, ప్రతి గంట పనికీ రెండు వందల రూపాయలకు పైగా అదనం. రెండు మూడు ఎకరాల రైతుకు అది చిన్న మొత్తం కాదు.

జారుడు ఎక్కువగా ఉంటే ముందు గాలి చూడండి. గాలి సరిగానే ఉంటే గళ్ళు అరిగిపోయాయేమో, నాగలి మరీ లోతుగా దించారేమో, నేల తడి ఎక్కువగా ఉందేమో చూడాలి. తప్పు ఎప్పుడూ గాలిదే కాదు.

నేల బిగిసిపోకుండా

ట్రాక్టరు తొక్కిడి వల్ల నేల రెండు రకాలుగా బిగుస్తుంది. పై పొర బిగువు ముఖ్యంగా టైరులోని గాలిని బట్టి ఉంటుంది. గాలి తగ్గిస్తే ఇది తగ్గుతుంది. లోపలి పొర బిగువు ఇరుసు మీది మొత్తం బరువును బట్టి ఉంటుంది. దీన్ని గాలి తగ్గించి పోగొట్టలేం. బరువు తగ్గించుకోవాలి, లేదా తడి నేలలోకి బండి దించకుండా ఆగాలి.

నల్లరేగడిలో ఈ జాగ్రత్త మరీ అవసరం. వాన వెలిసిన మర్నాడే తొందరపడి దింపితే టైరు గాడి పడుతుంది, ఎండితే ఆ గాడి గట్టిపడుతుంది. విత్తనం అక్కడ సరిగా మొలవదు, వేరు కిందికి దిగదు, మళ్ళీ వాన పడితే నీరు ఇంకదు. పిడికెడు మట్టి తీసి ఉండ చేయండి. వేలితో నొక్కితే ఉండ పొడిపొడిగా విరిగితే పదును వచ్చినట్టు. మైనంలా సాగితే ఇంకా ఆగాలి.

ఒకే చోట ఎన్నిసార్లు తొక్కినా, ఎక్కువ నష్టం మొదటిసారి తొక్కినప్పుడే జరుగుతుంది. అందుకని పెంట తోలేటప్పుడు, పంట ఎత్తేటప్పుడు ట్రక్కును చేనంతా తిప్పనివ్వకండి. గట్టు వెంట ఒకే దారి పెట్టి, రావడం పోవడం అందులోనే సాగనివ్వండి. చిన్న కమతంలో ఆ ఒక్క దారి పోయినా మిగతా చేను బాగుంటుంది.

వరి మడి సంగతి కొంచెం వేరు. దమ్ములో అడుగు కాస్త బిగిస్తేనే నీరు నిలుస్తుంది. దమ్ము చక్రాలు వేసి చేసే పనికి గాలి లెక్కతో సంబంధం లేదు. వరి తర్వాత అదే మడిలో మినుము, పెసర, మొక్కజొన్న లాంటివి వేసేవారు మాత్రం కోతల సమయంలో తడి మడిలో బరువు బండ్లు తిరగకుండా చూసుకోవాలి. ఇనుప దమ్ము చక్రాలతో తారు రోడ్డు ఎక్కకండి. రోడ్డు చెడిపోతుంది, కేసూ అవుతుంది.

టైరులో నీళ్ళు పోయవచ్చా?

గట్టి మెట్ట నేలలో లోతు దుక్కికి పట్టు చాలకపోతే వెనక టైర్లలో నీళ్ళు నింపుతారు. ఒక్కో టైరులో వంద లీటర్లకు పైగానే పడతాయి. వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని నిలిపి, ముప్పాతిక భాగం మించకుండా నింపాలి. మిగతా పావు భాగం గాలికే వదలాలి. పూర్తిగా నింపితే టైరుకు మెత్తదనం పోయి దెబ్బలు తట్టుకోలేదు. నీళ్ళున్న టైరులో గాలి చూసేటప్పుడు కూడా వాల్వు పైన ఉండాలి, లేకపోతే మీటరు తప్పు చూపిస్తుంది, నీళ్ళు పోయి పాడవుతుంది కూడా. లోతు దుక్కి అయిపోయాక, తడి నేల పనులకు దిగేముందు నీళ్ళు తీసేయించడం మంచిది. ఆ బరువంతా నేల మీదే పడుతుంది మరి.

రోజూ గాలి మార్చడం కుదురుతుందా?

ఇది న్యాయమైన ప్రశ్నే. గాలి తీయడం నిమిషం పని. మళ్ళీ పెద్ద టైరుకు చేతి పంపుతో పట్టించాలంటే చెమటలు పడతాయి. కంప్రెసరు ఊరికి దూరంగా ఉంటుంది. కాబట్టి పనులను బట్టి ఒక ఏర్పాటు చేసుకోండి. వరసగా నాలుగైదు రోజులు దుక్కులే ఉంటే మొదటిరోజే గాలి దించండి. ఆ రోజుల్లో ట్రక్కు తగిలించకుండా, ఊరికీ చేనుకీ మధ్య నెమ్మదిగా తోలండి. దుక్కులు ముగిశాక, బరువు తోలే ముందు మళ్ళీ పట్టించండి. ఒకే రోజు దుక్కీ, రోడ్డు మీద ట్రక్కూ రెండూ ఉంటే గాలి మరీ దించకండి. బరువుతో రోడ్డెక్కే టైరుకు గాలి చాలకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

కిరాయికి తెచ్చుకునేవారు బేరం ఆడే రోజే ఈ మాట అనేయండి: "వెనక టైర్లకు దుక్కి గాలి పెట్టుకుని రా అన్నా." నలుగురు పక్కపక్క రైతులు ఒకేసారి దున్నించుకుంటే ట్రాక్టరు అతనికీ ఇబ్బంది ఉండదు. అతనికి డీజిలు మిగులుతుంది, టైరు మన్నుతుంది. ఇది ఇద్దరికీ లాభమైన మాటే.

ఎద్దుల బండి ఉన్నవారికి

రబ్బరు టైర్ల బండికీ ఈ సూత్రమే. గట్టి దారి మీద గాలి సరిపడా ఉంటే బండి తేలిగ్గా దొర్లుతుంది. గాలి తగ్గితే ఆ లాగుడంతా ఎడ్ల మెడ మీద పడుతుంది. మెత్తని చేలో మాత్రం మరీ బిగువైన టైరు దిగబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రెండు చక్రాల్లో గాలి సమానంగా ఉండాలి. ఒకటి తగ్గితే బండి ఆ పక్కకు ఒరుగుతుంది, ఒక ఎద్దు మీద కాడి బరువు పెరిగి మెడ పుండు పడుతుంది. ఎద్దు చెప్పలేదు, మనమే చూసుకోవాలి.

ఈ జాగ్రత్తలు మరవకండి

గాలి ఉదయమే, బండి కదలక ముందే చూడాలి. నడిచాక టైరు వేడెక్కి మీటరులో ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీస్తే చల్లారాక తక్కువవుతుంది.

కాలితో తన్ని, కర్రతో కొట్టి గాలి చెప్పడం వీలుకాదు. ట్రాక్టరు టైరు పక్కలు కాస్త ఉబ్బినట్టు కనిపించినంత మాత్రాన గాలి లేదనుకోకూడదు. రేడియల్ టైర్లు సరైన గాలి ఉన్నా అలాగే కనిపిస్తాయి. మీటరు పెట్టే చూడాలి. ఒక మీటరు కొని నలుగురు వాడుకోవచ్చు.

వారానికి ఒకసారైనా చూడండి. కుడి, ఎడమ టైర్లు సమానంగా ఉండాలి. తేడా ఉంటే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. గట్ల మీద, కాలవ అంచున బండి తిరగబడే ముప్పు పెరుగుతుంది.

వాల్వు మూత తప్పకుండా పెట్టండి. మట్టి చేరితే గాలి కొద్దికొద్దిగా పోతుంది.

గాలి పట్టించేటప్పుడు టైరుకు ఎదురుగా నిలబడవద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరుకు నేరుగా గాలి కొట్టకుండా, విప్పి లోపల చూపించాకే పట్టించాలి.

ఎరువుకూ విత్తనానికీ వేలు ఖర్చు పెడతాం. ఈ పనికి మీటరు ఖరీదు, ఉదయం ఐదు నిమిషాలు తప్ప ఖర్చు లేదు. ఈ దుక్కులకే మొదలుపెట్టండి. చేలోకి ట్రాక్టరు వచ్చినప్పుడు నాగలి చూడటానికి ముందు ఒకసారి టైరు వంక చూడండి.